బెంగళూరు బొమ్మ బాగేపల్లికి ఎప్పుడొస్తుంది?

చిక్కబళ్ళాపురం నుంచి బెంగళూరు ప్యాలెస్ రోడ్డుకు సుమారు 60 కిలోమీటర్లు. చింతామణి నుంచి 75 దాకా, బాగేపల్లి నుంచి 100 దాకా ఉంటుంది. ఆ రోడ్డు మీద పెద్ద చెట్ల మధ్య మాణిక్యవేలు మాన్షన్ అనే పాత బంగళా ఉంది. 2009 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం అందులో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల శాఖను తెరిచింది. రాజా రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్‌ల కాలం నుంచి ఇప్పటి చిత్రకారుల దాకా అక్కడ చూడొచ్చు. టికెట్టు 20 రూపాయలు. మన మూడు తాలూకాల నుంచి రోజూ తెల్లవారకముందే పూలు, టమాటాలు, ద్రాక్ష బెంగళూరు చేరతాయి. వాటి వెనకే కాలేజీ పిల్లలు, ఉద్యోగులు, కట్టడం పనివాళ్ళు రైళ్ళలో, బస్సుల్లో వెళ్ళి రాత్రికి ఇల్లు చేరతారు. అయినా ఆ బంగళాలో అడుగుపెట్టిన మనిషి మన ఊళ్ళలో వెతికితే గానీ దొరకడు.

దీనికి అందరూ ఒప్పేసుకున్న జవాబు ఒకటుంది. మోడరన్ ఆర్ట్ పల్లెటూరివాళ్ళకు అర్థం కాదట. నగరంలో ఈ మాట జాలితో అంటారు. మన దగ్గర మనమే మొహమాటపడుతూ అంటాం. ఆ జవాబు తప్పని నా నమ్మకం. బొమ్మ ముందు నిలబడే వీలే కలగని మనిషికి అది అర్థమవుతుందో లేదో ముందే తేల్చేసిందెవరు? మనవాళ్ళకు చూపు తక్కువై కాదు, బొమ్మ బెంగళూరు పొలిమేర దాటక ఈ దూరం మిగిలిపోయింది. అది దాటడానికి దారి ఉంది. ముందు అక్కడ జరుగుతున్నదేమిటో చూద్దాం.

జాతీయ ప్రదర్శనశాల 1954లో ఢిల్లీలో జైపూర్ హౌస్‌లో పుట్టింది. ముంబైలో 1996లో రెండో శాఖ, బెంగళూరులో మూడోది. సుమారు 500 కృతులతో ఇక్కడ శాశ్వత ప్రదర్శన ఏర్పడింది. దీని బలమంతా వరసలో ఉంది. కంపెనీ కాలపు చిత్రాలు, రవివర్మ తైలవర్ణాలు, బెంగాలు శైలి నీటిరంగులు, ఆ తరువాత స్వాతంత్ర్యం వచ్చాక చెలరేగిన ప్రయోగాలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, నేటి చిత్రకారుడి గీత ఎక్కడి నుంచి మొదలైందో ఎవరూ చెప్పకుండానే కంటికి తెలుస్తుంది. ఒక్క చిత్రకారుడి జీవితకాలపు పనిని ఒకేచోట చూపే ప్రదర్శనలు కూడా ఇక్కడ జరిగాయి. 2018లో ఎస్.జి. వాసుదేవ్ సమగ్ర ప్రదర్శన వాటిలో ముఖ్యమైనది. మైసూరులో పుట్టి, మద్రాసులో చదివి, 1966లో మొదలైన చోళమండలం కళాకారుల గ్రామానికి తొలి సభ్యుల్లో ఒకరైన వాసుదేవ్, చెట్టును తన జీవితమంతా గీస్తూ వచ్చారు. కాన్వాసు మీద గీశారు, రాగిరేకు మీద కొట్టారు. ఆ తరువాత నేతపనివాడు సుబ్బరాయులుతో కలిసి పట్టుదారంతో నేయించారు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత పక్కనే బతికే మనకు ఆ పట్టు చిత్రాల గురించి మనదైన ప్రశ్న ఒకటి తప్పక ఉంటుంది. ఆ రంగు ఎట్లా పట్టింది, ఆ పోగు ఎన్నింటి కలయిక అని. అడిగేవాళ్ళు అక్కడ లేకపోవడం మనకు నష్టమే, ఆ ప్రదర్శనకూ నష్టమే.

ఈ సంస్థ మీద నా ఫిర్యాదు బొమ్మల ఎంపిక గురించి కాదు. ఏ ప్రదర్శన చూసినా ముందే తెలిసినవాళ్ళను ఉద్దేశించి పెట్టినట్టు ఉంటుంది. గోడ మీది వ్యాసం ఇంగ్లీషులో, కళాచరిత్ర చదివినవాళ్ళ పరిభాషలో ఉంటుంది. మొదటిసారి వచ్చినవాడు నాలుగు పంక్తులు చదివి, ఇది తనకు కాదనుకుని వేగంగా నడిచి బయటికొస్తాడు.

కస్తూర్బా రోడ్డులో 2023 ఫిబ్రవరిలో తెరుచుకున్న మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ, అందరూ మ్యాప్ అని పిలిచేది, వేరే దారిలో వచ్చింది. అభిషేక్ పొద్దార్ సేకరణ మీద నిలబడిన ప్రైవేటు సంస్థ ఇది. మాథ్యూ అండ్ ఘోష్ వాస్తుశిల్పులు కట్టిన ఐదంతస్తుల భవనం. చిత్రలేఖనాన్ని, నేతను, జానపద కళను, సినిమా పోస్టరును, ఫొటోను ఒకే కప్పు కింద, ఒకే మర్యాదతో పెట్టడం దీని ప్రత్యేకత. ప్రారంభ ప్రదర్శనల్లో భారతీయ కళలో స్త్రీ ఎట్లా కనిపించింది, ఎట్లా కనిపించకుండా పోయింది అన్నది ఒకటి. ఎల్.ఎన్. తల్లూర్ శిల్పాల ప్రదర్శన మరొకటి. వాటికన్నా మనకు దగ్గరైనది జ్యోతి భట్ ఫొటోల ప్రదర్శన. బరోడాకు చెందిన ఈ చిత్రకారుడు 1967 నుంచి ఊరూరా తిరిగి, ఆడవాళ్ళు గోడల మీద, నేల మీద వేసే బొమ్మల్ని కెమెరాతో పట్టుకున్నారు. పొద్దున వేసి సాయంత్రానికి చెరిగిపోయే ముగ్గు, మట్టి ఇంటితోపాటే పోయే గోడబొమ్మ ఆయన వల్ల మిగిలాయి. అంత గొప్ప పని ముందు నిలబడ్డప్పుడు నాకు ఒకటే వెలితిగా అనిపిస్తుంది. ముగ్గు ఫొటో మ్యూజియం చేరింది, ముగ్గు వేసే చెయ్యి మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. బాగేపల్లి వీధిలో ధనుర్మాసం చలిలో చుక్కలు లెక్కపెడుతూ మెలికల ముగ్గు తిప్పే ఇల్లాలు ఆ ఫొటోల గురించి చెప్పగలిగేది ఏ వ్యాసకర్తా రాయలేడు.

అదే రోడ్డులో వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ ఉంది. అవనీంద్రనాథ్ ఠాగూరు దగ్గర చదివి మైసూరుకు తిరిగొచ్చిన కె. వెంకటప్ప పేరు మీద ప్రభుత్వం కట్టింది. దశాబ్దాలుగా ఈ గ్యాలరీ చేసిన అసలు పని ఏమిటంటే, తక్కువ అద్దెకు గోడ ఇవ్వడం. పేరు లేని కుర్రవాడు, ప్రైవేటు గ్యాలరీ గడప తొక్కే ధైర్యం లేనివాడు, తన మొదటి ప్రదర్శన ఇక్కడ పెట్టుకున్నాడు. ఈ గ్యాలరీ నిర్వహణను పొద్దార్‌కు చెందిన తస్వీర్ ఫౌండేషన్‌కు అప్పగించేందుకు రాష్ట్ర పర్యాటక శాఖ ఒప్పందం చేసుకున్నప్పుడు, 2016లో బెంగళూరు కళాకారులు వీధిలోకి వచ్చారు. పాటలు పాడారు, అక్కడే కూర్చుని బొమ్మలు గీశారు. చివరికి గ్యాలరీ ప్రభుత్వం చేతిలోనే ఉంది, మ్యాప్ అదే రోడ్డులో వేరే స్థలంలో లేచింది. ఈ రెండూ ఉండటమే మంచిదని నా అభిప్రాయం. మ్యాప్ లాంటి చోట భద్రత, పరిశోధన, ఖర్చుతో కూడిన శ్రద్ధ దొరుకుతాయి. కానీ చింతామణి నుంచి ఒక పిల్లవాడు బొమ్మలు చుట్టచుట్టుకుని బస్సెక్కితే, వాడికి తలుపు తీసేది తక్కువ అద్దె గ్యాలరీయే. అందుకే ఆ పోరాటం బెంగళూరు కళాకారులది మాత్రమే కాదు, మనదీనూ.

ఇక కుమార కృపా రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తు. 1960లో మొదలైన ఈ సంస్థను ఎం.ఎస్. నంజుండరావు పెంచి పెద్దది చేశారు. ఏటా జనవరిలో ఒక ఆదివారం ఆ రోడ్డంతా మూసి జరిపే చిత్రసంతెకు లక్షల మంది వస్తారు. మన వైపు నుంచి ఎవరైనా బెంగళూరులో బొమ్మలు చూశారంటే అది ఎక్కువగా ఇక్కడే. రోడ్డు పక్కన కాన్వాసులు ఆనించి పెట్టి, గీసినవాడే నిలబడి ధర చెప్పే చోట జనం భయపడరు. తాకి చూస్తారు, నవ్వుతారు, ఇదేమిటని నేరుగా అడుగుతారు. అయితే సంత సంతే. అమ్ముడుపోయే బొమ్మలు, అంటే గుర్రాలు, బుద్ధుడు, వానలో గొడుగులు ముందుకొస్తాయి. ఒక చిత్రకారుడు పదేళ్ళు తనతో తాను పోట్లాడి గీసిన పని అక్కడ నిలబడదు. దానికి గోడ, నిశ్శబ్దం, కొంత సమయం కావాలి. సంతలోని చనువు, మ్యూజియంలోని నిదానం ఒకేచోట దొరికే ఏర్పాటు కర్ణాటకలో ఇంకా ఎవరూ చేయలేదు.

మన చూపు సంగతికి వద్దాం. బాగేపల్లి నుంచి గంటలోపు ప్రయాణంలో లేపాక్షి ఉంది. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, పెనుగొండ సీమలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు వీరభద్రాలయ మండపాల పైకప్పులకు బొమ్మలు వేయించారు. పక్కకు తిరిగిన ముఖాలు, ముఖం దాటి ముందుకొచ్చే కళ్ళు, కొనదేలిన గడ్డాలు, మగవాళ్ళ తలమీద పొడుగు కుళ్ళాయిలు, ఆడవాళ్ళ చీరల మీద ఒకదాన్ని పోలని ఇంకొక అంచు. అన్నీ కావిరంగు నేల మీద నల్లని గట్టి గీతతో ఉంటాయి. ఇది 16వ శతాబ్దపు పని. 2022లో ఆ ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. మన మూడు తాలూకాల్లో లేపాక్షికి వెళ్ళని కుటుంబం తక్కువ. బసవన్నను చూసి, వేలాడే స్తంభం కింద గుడ్డ తోసి, తల పైకెత్తి ఆ బొమ్మల కింద నడుస్తారు. ఇట్లా తల ఎత్తి నడిచిన మనిషిని తీసుకెళ్ళి తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీ ముందు నిలబెట్టండి. పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను, పెద్ద బొట్టు, మండే ఎరుపు, గట్టి గీత. ఆ మనిషికి పరిచయవాక్యాలు అక్కర్లేదు.

తోలుబొమ్మ మాట కూడా చెప్పాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కుటుంబాలు తోలును పలచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులద్ది, దీపం వెలుగు దానిగుండా వచ్చేలా చేస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటక వైపు తొగలు గొంబె అనే తోలుబొమ్మల్ని నంజుండరావు ఊరూరా తిరిగి సేకరించారు, పరిశోధించి పుస్తకం రాశారు. ఒక కథను విడివిడి బొమ్మలుగా చీల్చి, రాముడి ముఖం ఎప్పుడూ పక్కకే ఉన్నా నిండుగా కనిపించేట్టు చేసే ఆ పద్ధతి, ఆధునిక చిత్రకారులు ఎంతో కష్టపడి అందుకున్నది. మన తాతలు రాత్రంతా మేలుకుని చూసినదీ అదే.

రెండు నగరపు బొమ్మలు మాత్రం మన ఇళ్ళ దాకా, మనసుల దాకా వచ్చాయి. అవి ఎట్లా వచ్చాయో చూస్తే, నగరపు బొమ్మ మన దాకా ఎట్లా రావాలన్న ప్రశ్నకు జవాబు సగం దొరుకుతుంది. మొదటిది రవివర్మ లక్ష్మి, సరస్వతి. ఆయన 1894లో ముంబైలో, జర్మను యంత్రాలు తెప్పించి అచ్చుకూటం పెట్టించారు. మహారాజుల గోడల మీది తైలవర్ణ చిత్రం రాతి అచ్చు మీదికి దిగి, రంగు వెంట రంగు ఒత్తించుకుని, చవక కాగితమై దేశమంతా వ్యాపించింది. ఆ తరువాత శివకాశి క్యాలెండర్లు ఆ పనిని కొనసాగించాయి. జాతీయ ప్రదర్శనశాల పుట్టకముందే దేవుడి గూట్లో చిత్రకళ స్థానం సంపాదించుకుంది, అదీ అచ్చు రూపంలో. రెండోది మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లోని దీపం పట్టుకున్న అమ్మాయి. ఎస్.ఎల్. హల్దంకర్ 1940ల్లో నీటిరంగులతో గీసిన బొమ్మ. చాలామంది ఇది కూడా రవివర్మదే అనుకుంటారు. స్కూలు పిల్లల మైసూరు యాత్రలో దసరా ప్యాలెస్, జూ, బృందావనం తరువాత ఈ గది ఉంటుంది. చీకటి చేసిన గదిలో, వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా వచ్చే ఆ వెలుగు నిజమైన దీపానిదా, రంగుదా అని పిల్లలు తెర పక్కకెళ్ళి తొంగిచూస్తారు. చింతామణిలో నలభై ఏళ్ళ మనిషిని మీరు చూసిన ఒక పెయింటింగు చెప్పండి అంటే దీపం అమ్మాయి గురించే చెబుతాడు. అది గొప్ప ఆధునిక చిత్రమా అన్నది వేరే చర్చ. నేను పట్టుకునేది ఆ గది ఏర్పాటును. ఒక్క బొమ్మ, చీకటి, దగ్గరగా నిలబడే వీలు. అంత మాత్రానికే ఒక తరం మొత్తానికి ఒక నీటిరంగు చిత్రం గుర్తుండిపోయింది.

మరి మ్యూజియంలు మన ఊళ్ళకు ఎందుకు రావు? ఇందులో నిర్లక్ష్యం ఉంది, నిజమైన కష్టమూ ఉంది, రెండింటినీ విడదీయాలి. కాన్వాసు మీది తైలవర్ణానికి గాలిలో తేమ నిలకడగా ఉండాలి, ఎండాకాలం మన ఊరి హాల్లో అది కుదరదు. కాగితం మీది నీటిరంగుకు 50 లక్స్‌కు మించిన వెలుతురు పడకూడదని సంరక్షకుల నియమం. అది చాలా మసక వెలుగు. లోకానికి ఒక్కటే ఉన్న షేర్‌గిల్ చిత్రాన్ని లారీలో ఎక్కించి బాగేపల్లికి పంపమని బుద్ధి ఉన్నవాడెవడూ అడగడు. బీమా, పోలీసు కాపలా, సంతకాలు వేరే. ఈ కష్టాలను నేను తేలిగ్గా తీసేయను. కానీ ఇవి ఒకే రకం బొమ్మకు సంబంధించిన కష్టాలు. వాటిని చూపించి అన్ని రకాల బొమ్మల్నీ నగరంలోనే ఉంచేయడం దగ్గరే నిర్లక్ష్యం మొదలవుతుంది.

భాష ఇంకో అడ్డు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. కాబట్టి గోడ మీద మంచి కన్నడం ఉంటే వాళ్ళకు చాలు. పెద్దవాళ్ళకు రాసింది కాదు, పక్కన నిలబడి మన మాటలో చెప్పే మనిషి కావాలి. చింతామణి తాలూకా కైవారంలో నారేయణ యోగి తత్వాలు తెలుగులోనూ కన్నడంలోనూ ఇప్పటికీ పాడుతున్నారు, పాడేవాళ్ళు ఏ భాష దగ్గరా ఆగరు. బొమ్మ గురించి మాట్లాడటానికి తెలుగు చాలదన్న మాటా నిలవదు. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ జీవితమంతా చేసిన పని అదే. హిమాలయాల్లో నికొలస్ రోరిక్ కుటుంబంతో గడిపి వచ్చి, ఆ రంగుల గురించి రైతు ఇంటి తెలుగులో రాశారు. రోరిక్ కొడుకు స్వెతొస్లావ్ ఆ తరువాత బెంగళూరు శివార్లలో స్థిరపడ్డాడు, చిత్రకళా పరిషత్తులో ఆ తండ్రీకొడుకుల చిత్రాలు ఉన్నాయి. వాటి ముందు సంజీవదేవ్ తెలుగు ఒక్కరోజు వినిపించినా ఎంత బాగుండును!

మరి మన ఊళ్ళకు ఏ బొమ్మ రాగలదంటే, అచ్చు చిత్రం. ముద్రణ చిత్రకళ మన దగ్గర చాలామందికి తెలియని కళ. ఫొటోను ఫ్లెక్సీ మీద తీసినట్టు కాదు. చిత్రకారుడు తానే పలక మీద చెక్కి, తానే సిరా పూసి, తానే ఒత్తి, పరిమితమైన ప్రతులు తీస్తాడు. ప్రతి కాగితం అడుగున పెన్సిలుతో 7/50 అని రాసి సంతకం పెడతాడు. అంటే యాభైలో ఏడోది. యాభై ప్రతులూ అసలు చిత్రాలే. ఒకటి ఢిల్లీలో, ఒకటి ప్యారిస్‌లో ఉండగా మరొకటి చిక్కబళ్ళాపురంలో ఉండటానికి ఏ అడ్డూ లేదు. కాగితం కాబట్టి వెలుతురు నియమం దీనికీ ఉంది. అయితే ఒక ప్రతి కొన్ని నెలలు తిరిగి, కొన్నేళ్ళు చీకట్లో విశ్రాంతి తీసుకోవచ్చు, ఈలోగా ఇంకో ప్రతి తిరగొచ్చు. లోకానికి ఒక్కటే ఉన్న తైలవర్ణానికి ఆ వెసులుబాటు లేదు. 1937లో మెక్సికోలో లియొపోల్డో మెండెస్, ఆయన మిత్రులు పెట్టిన ప్రజా ముద్రణశాల లినోలియం మీద చెక్కిన బొమ్మల్ని కరపత్రాలుగా, గోడ పోస్టర్లుగా వీధుల్లోకి పంపింది. చవక కావడం ఆ కళ విలువను తగ్గించలేదు, ఈనాడు అవే మ్యూజియంలలో ఉన్నాయి.

ఇక్కడ మన పొరుగు మనిషి ఒకరు ఉన్నారు, ఆయన్ని మనం మరిచిపోవడం నాకు నిజంగా బాధ. చింతామణి తూర్పు సరిహద్దు దాటితే వచ్చే పాత చిత్తూరు జిల్లాలో, నందనూరు అనే చిన్న పల్లెలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళ నేర్పారు. లండను స్లేడ్ స్కూలు మీదుగా ప్యారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అతెలియే 17 ముద్రణశాలలో పనిచేశారు. అప్పటిదాకా రంగుల ముద్రణ అంటే ఒక్కో రంగుకు ఒక్కో పలక, ఒక్కోసారి ఒత్తడం. కృష్ణారెడ్డి, తన సహచరుడు కైకో మోతీతో పాటు, ఒకే పలక మీద అన్ని రంగుల్నీ ఒకే ఒత్తుతో తీసే పద్ధతిని రూపొందించారు. పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. సిరాలో నూనె పాళ్ళు మార్చి ఒకటి చిక్కగా, ఒకటి పలచగా చేస్తారు. గట్టి రోలరు పైపైనే దొర్లుతుంది, మెత్తని రోలరు లోతుల్లోకి దిగుతుంది. నూనె ఎక్కువున్న సిరా మీద నూనె తక్కువున్నది అంటుకోదు. రంగులు కలిసి బురదైపోకుండా పక్కపక్కనే నిలుస్తాయి. 1963 నాటి ఆయన ‘సుడిగుండం’ చూస్తే ఆ లోహపు పలకలో నీళ్ళు నిజంగానే తిరుగుతున్నట్టుంటుంది. ఆయన శిల్పి కూడా కావడం వల్ల పలకను లోతులున్న నేలగా చూశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి బోధించి, 2018లో అక్కడే కన్నుమూశారు. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఆయన ముద్రణలున్నాయి. ఆయన పుట్టిన పల్లెకు కొద్ది గంటల దూరంలో ఉన్న చింతామణిలో ఆయన పేరు తెలిసిన బడిపిల్లవాడు ఒక్కడైనా ఉంటాడా?

లక్ష్మాగౌడ్ కూడా ఈ మాటల్లోకి రావాలి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివిన ఆయన, ఎచింగ్ అనే ముద్రణ పద్ధతిలో, సన్నని గీతతో పల్లె మగవాణ్ణి, ఆడదాన్ని, మేకను, చెట్టును ఒకే ఊపిరితో గీశారు. ఆ బొమ్మల్లో కామం దాపరికం లేకుండా ఉంటుంది కాబట్టి స్కూలు గోడకు అన్నీ పనికిరావు, అది నిజం. మేకలు, తాటిచెట్లు, తలగుడ్డ కట్టుకున్న ముఖాలు ఉన్నవి ఎన్నో ఉన్నాయి. జ్యోతి భట్‌ను ఫొటోల కన్నా ముందు ముద్రణ చిత్రకారుడిగా చూడాలి, ఆయన ఎచింగుల్లో ముగ్గు గీతలు, పచ్చబొట్టు గుర్తులు అక్షరాల్లా పరుచుకుంటాయి. తైలవర్ణంలో మనకు దగ్గరైనవాడు రుమాలె చెన్నబసవయ్య. 1910లో దొడ్డబళ్ళాపురంలో పుట్టి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళి, పత్రిక నడిపి, రాజకీయాలు వదిలి చెట్ల కింద కూర్చుని గీస్తూ పోయిన మనిషి. పూలు విరగబూసిన చెట్టును రంగు ముద్దలతో కట్టినట్టు గీసేవారు. బెంగళూరు రాజాజీనగర్‌లోని రుమాలె హౌస్‌లో ఆయన చిత్రాలు భద్రంగా ఉన్నాయి. పొరుగు తాలూకా మనిషి కాబట్టి ఎప్పటికైనా ఆయన తైలవర్ణాలు మన దాకా రావాలని కోరుకుంటాను.

మ్యూజియమే జనం దగ్గరికి వెళ్ళడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో వర్జీనియా కళా మ్యూజియం 1953లోనే ఒక పెద్ద ట్రక్కును గ్యాలరీగా మార్చి ఊళ్ళకు పంపింది. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం 2015 నుంచి బస్సులో మ్యూజియం నడుపుతోంది. ఇవన్నీ ఎందుకు, కస్తూర్బా రోడ్డులోనే ఉదాహరణ ఉంది. వెంకటప్ప గ్యాలరీకి పక్కనే విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం. 1962లో నెహ్రూ ప్రారంభించారు. అది విజ్ఞాన ప్రదర్శనల బస్సుల్ని పల్లెల హైస్కూళ్ళకు పంపుతూ ఉంటుంది. ఎవరి పేరు మీద ఉందో ఆ విశ్వేశ్వరయ్య చిక్కబళ్ళాపురం పక్కనే ముద్దేనహళ్ళిలో 1861లో పుట్టిన మన మనిషి. సైన్సు పల్లెకు వెళ్ళాలంటే బస్సు కావాలని ఆ మ్యూజియంవాళ్ళు ఏనాడో గ్రహించారు. ఆ గోడకు అవతల ఉన్న కళా సంస్థలకు ఆ ఆలోచన రాలేదు. పల్లె పిల్లవాడికి సైన్సు అర్థం కాదని ఎవరూ అనలేదు కదా, బొమ్మ దగ్గర మాత్రం ఎందుకంటారు?

బస్సు పనికొస్తుంది గానీ చాలదు. ఇరవైమంది తోసుకుంటూ ఎక్కి దిగే చోట బొమ్మకు కావలసిన నిదానం దొరకదు. స్థలం కావాలి, అది కొత్తగా కట్టనక్కర్లేదు. బెంగళూరు–చిక్కబళ్ళాపురం చిన్న రైలుమార్గం 1915 నాటిది. ఆ దారిలోని దేవనహళ్ళి, అవతిహళ్ళి, నంది హాల్ట్ లాంటి పాత స్టేషను భవనాలను వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ బెంగళూరు శాఖ బాగుచేసే పని పెట్టుకుంది. పెంకుల కప్పు, రాతి గోడలు, చుట్టూ చెట్లు. రెండు గదుల్లో నలభై ముద్రణ చిత్రాలు హాయిగా పడతాయి. నంది కొండకు వారాంతాల్లో బెంగళూరు వాహనాలు బారులు తీరతాయి. 2023 జనవరి నుంచి ఆవలగుర్కి ఆదియోగి విగ్రహం దగ్గరికీ అదే జనం. బెంగళూరు మనుషులు మన వైపు వస్తూనే ఉన్నారు. వాళ్ళ బొమ్మలూ వస్తే ఆ దారిలోనే చూస్తారు.

చిన్న ఊళ్ళో ప్రదర్శనశాల నిలవదంటారా? రాజమండ్రి ఉంది. దామెర్ల రామారావు 1925లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయారు. మిత్రులు, శిష్యులు ఆయన చిత్రాల్ని చెదిరిపోనివ్వకుండా అదే ఊళ్ళో గ్యాలరీగా నిలబెట్టారు. ఇప్పుడు ఏ రాజధానీ కాని ఆ ఊళ్ళో నూరేళ్ళ తరువాత కూడా ఆయన గోదావరి స్త్రీలను చూడొచ్చు. కొచ్చి ఇంకొక సంగతి నేర్పింది. 2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి–ముజిరిస్ బియనాలే అనే కళోత్సవం, పాడుబడ్డ ఆస్పిన్‌వాల్ గోదాముల్లో ప్రపంచ సమకాలీన కళను పెట్టింది. చేపలు పట్టేవాళ్ళు, రిక్షావాళ్ళు, బడిపిల్లలు వచ్చారు. గోదాము వాళ్ళకు తెలిసిన చోటు కాబట్టి గడప భయపెట్టలేదు. మన పక్కనే కోలారు దగ్గరి తేరహళ్ళి కొండ మీద కోటిగానహళ్ళి రామయ్య పెంచిన ఆదిమ సంస్థ, పున్నమి రాత్రుల్లో నాటకాలు, పాటలు పెడితే ఊళ్ళ జనం కొండెక్కి వెళ్ళారు. కళ కోసం మనవాళ్ళు కదలరన్న మాటకు అక్కడే జవాబు ఉంది.

ఈ పనంతా చేయించగలిగినవాళ్ళు హైస్కూలు డ్రాయింగు మాస్టర్లు. కర్ణాటకలో డ్రాయింగు లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు పరీక్షలు ఇంకా జరుగుతున్నాయి, వాటికి పిల్లల్ని తయారుచేసే మాస్టరున్న బడి గోడలు చూడగానే తెలిసిపోతాయి. ఆ పరీక్షల్లో కుండ, అరటిపండు, నీడ ఉంటాయి. అది మంచి పునాదే. దాని తరువాత ఏముంటుందో చూపించే మెట్టు మాస్టరు దగ్గరా లేదు. ముద్రణ ప్రదర్శన వస్తే ఆ మెట్టు దొరుకుతుంది. లినోలియం ముక్క, చెక్కే పనిముట్టు, ఒక రోలరు, నల్ల సిరా. ఒక తరగతి మొత్తం ఒక మధ్యాహ్నంలో తమ ముద్రణలు తామే తీసుకోవచ్చు. కుంచె పట్టడానికి వణికే పిల్లవాడు కూడా చెక్కడానికి వణకడు.

మొదటి ప్రదర్శన ఎట్లా ఉండాలని నన్నడిగితే, కృష్ణారెడ్డి ముద్రణలతో మొదలుపెట్టమంటాను. ఆయన చెక్కిన ఒక పలక, రెండు రకాల రోలర్లు, ఆ పలక నుంచి దశలవారీగా తీసిన కాగితాలు పక్కపక్కన పెట్టాలి, పని ఎట్లా జరిగిందో చేతులతో బతికేవాళ్ళకు వెంటనే పట్టుబడుతుంది. రెండో గదిలో జ్యోతి భట్, లక్ష్మాగౌడ్, వైకుంఠం. ఒక గోడ ఖాళీగా వదిలి, తలుపు దగ్గరి నేల మీద ప్రతి ఉదయం ఆ ఊరి ఆడవాళ్ళ చేత, గౌరవవేతనం ఇచ్చి, వాళ్ళ పేరు బోర్డు మీద రాసి, ముగ్గు వేయించాలి. గోడ మీద కన్నడం, నోటిమాటగా తెలుగు. జాతీయ ప్రదర్శనశాల బొమ్మలు ఇవ్వాలి, మ్యాప్ సంరక్షకుల్ని ఇవ్వాలి, జిల్లా కన్నడ సంస్కృతి శాఖ స్థలం, కరెంటు, కాపలా చూసుకోవాలి. నంది హాల్ట్‌లో ఒక నెల, చింతామణిలో ఒక నెల, బాగేపల్లిలో ఒక నెల. ఎక్కడున్నా ఆ ఊరి సంతరోజున తలుపులు రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంచాలి, గంపలు ఖాళీ చేసుకుని వచ్చేవాళ్ళు వాటిని దించుకోవడానికి గుమ్మం పక్కన చోటు వదలాలి.